అయిదో ‘ఎందుకు’

బుధవారం మధ్యాహ్నం టీ బెల్లు కొట్టగానే సీసాల ఫ్యాక్టరీలో నలుగురు చేతులు తుడుచుకుని స్టోరు మీది గదికి ఎక్కేవాళ్ళు. ఫిట్టరు, స్టోరు గుమాస్తా, ప్యాకింగ్ బాబాయి, వాళ్ళకి లీడరైన పెద్దక్క. కాగితాల మీద ఆ జట్టు పేరు క్వాలిటీ సర్కిల్. కింద పనిచేసేవాళ్ళు మాత్రం ‘ఎందుకుల గుంపు’ అని ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఏదో ఒక సమస్య తీసుకుని అయిదుసార్లు ‘ఎందుకు’ అని అడగడమే వీళ్ళ పని. గదిలో కుర్చీలు అయిదు. అయిదో ‘ఎందుకు’ అడగ్గానే అసలు కారణం మెట్లెక్కి వచ్చి ఆ ఖాళీ కుర్చీలో కూర్చునేది.

ఒకసారి అరిగిపోయిన వాషరు దొర్లుకుంటూ వచ్చింది. ఇంకోసారి పగిలిన కిటికీలోంచి దూరే చలిగాలి వచ్చి, కాగితాలన్నీ ఎగరేసి, తర్వాత బుద్ధిగా కూర్చుంది. బాబాయి కాగితాలు ఏరి వాటిమీద టీ గ్లాసు పెట్టాడు. నలుగురూ చేతులెత్తి ఒప్పుకుంటే గుమాస్తా పుస్తకంలో రాసేవాడు. పుస్తకంలోకెక్కిన కారణం మర్నాటికి లోకంలోనే ఉండేది కాదు. ఎక్కడికి పోయిందని ఎవరూ వెతకలేదు, పీడా పోయిందనుకునేవాళ్ళు. అప్పటిదాకా మనిషన్నవాడు ఆ కుర్చీలో కూర్చోలేదు.

ఈసారి సమస్య పగుళ్ళది. వెంట్రుకంత గీత ఉన్న మందు సీసాలు తనిఖీ దాటి వెళ్ళిపోతున్నాయి. పిల్లల దగ్గుమందులో గాజుపెంకు వచ్చిందని సరుకంతా తిరిగొచ్చింది. నెలాఖరుకి తేల్చకపోతే తనిఖీ విభాగం మూసేస్తానని మేనేజరు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. నలభై మంది పొట్టలు.

పెద్దక్కకి కారణం తెలుసు. తెలిసీ నోరు కుట్టేసుకుంది. తనిఖీ దీపం ముందు కూర్చునే పిల్ల తన చెల్లెలు. తల్లి పోయాక తన చేతుల మీద పెరిగిన పిల్ల. ఏడాదిగా చూపు మందగిస్తోంది. కంటి పరీక్షకి ముందు డాక్టరు చదివించే అట్టమీది అక్షరాలన్నీ పైనుంచి కిందిదాకా ఎక్కాల్లా వల్లె వేయించింది పెద్దక్కే. చెల్లెలు గడగడా ఒప్పజెప్పి గట్టెక్కింది. ఆ రోజు ఇంటిదాకా ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు కూడా. అందుకే మూడు బుధవారాలుగా పెద్దక్క నాలుగో ‘ఎందుకు’ దగ్గరే టైమైపోయిందని లేచిపోతోంది.

నాలుగో బుధవారం ఫిట్టరు కదల్లేదు.

“ఏంటక్కా ఇది? ప్రతిసారీ నాలుగు దగ్గరే చతికిలబడుతున్నాం. నిన్న ఇంకో లోడు వెనక్కొచ్చింది. ఇవాళ నేనే అడుగుతా.”

“కొలిమిలో దోషమేమో, ఇంకోసారి చూద్దాం.”

“కొలిమి చూశాం, అచ్చులు చూశాం. ఇంకేం మిగిలింది చూడ్డానికి?”

“అడగనివ్వమ్మా,” అన్నాడు బాబాయి నెమ్మదిగా. “నా మనవడు తాగేది కూడా ఆ మందే.”

ఆ మాటకి పెద్దక్క తల వంచేసింది. ఎన్ని రాత్రులుగానో ఆమెని తినేస్తున్న మాటే అది.

ఫిట్టరు మొదలుపెట్టాడు. పగిలిన సీసా పిల్లల దాకా ఎందుకెళ్ళింది? పెట్టెలో ఉంది కాబట్టి. పెట్టెలోకి ఎందుకొచ్చింది? తనిఖీలో ఆపలేదు. ఎందుకు ఆపలేదు? గీత కనబడలేదు. దీపం కొత్తదే కదా, ఎందుకు కనబడలేదు?

“చూసేవాళ్ళకి చూపు ఆనడం లేదేమో,” అన్నాడు గుమాస్తా.

“మరి చూపు ఆననివాళ్ళు ఆ దీపం ముందుకి ఎందుకొచ్చారు?”

కింద మెట్ల మీద అడుగు పడింది. తర్వాత ఇంకోటి. అడుగుతోపాటు గోడని తడుముకుంటున్న చేతి చప్పుడు. అలా తడుముకుంటూ ఎవరొస్తారో పెద్దక్కకి తెలుసు. చలిగాలి గుర్తొచ్చింది. అది మళ్ళీ ఏ కిటికీలోంచీ రాలేదు.

ఒక్క ఉదుటున లేచి అయిదో కుర్చీలో కూర్చుంది.

“అది కాదు కారణం,” అంది. “నేను. అక్షరాలు బట్టీ పట్టించింది నేను. మూడు వారాలు మీ నోళ్ళు నొక్కిందీ నేనే. రాసుకో.”

అడుగులు ఆగిపోయాయి.

“అక్కా, లే. ఆ కుర్చీలోంచి లే,” అన్నాడు ఫిట్టరు.

“పరిష్కారం కూడా రాసుకో. చెల్లెలికి అట్టపెట్టెలు మడిచే పని ఇవ్వాలి. ఆ పనికి కళ్ళు అక్కర్లేదు.” గుమాస్తా కలం ముట్టుకోలేదు. “చేతులెత్తండి. మీరు ఎత్తకపోతే అది పైకొస్తుంది.”

ముందు పెద్దక్కే చెయ్యెత్తింది. గుమాస్తా ఎత్తాడు. ఫిట్టరు ఎత్తాడు. బాబాయి కళ్ళు తుడుచుకుని, మనవణ్ణి తలుచుకుని, ఎత్తాడు. గుమాస్తా కలం తీసి పుస్తకంలో రాశాడు. మెట్ల మీద అడుగులు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి.

మర్నాడు దీపం ముందు వేరే మనిషి కూర్చుంది. చెల్లెలు ప్యాకింగ్‌లో అంచులు వేళ్ళతో చూసుకుంటూ పెట్టెలు మడుస్తోంది. ఒక్క మడతా తప్పు పోలేదు. భోజనం వేళ ఫిట్టరు అటుగా పోతుంటే నడక పోల్చుకుని పిలిచింది.

“అన్నా, మా అక్క రాత్రి ఇంటికి రాలేదు. ఇక్కడేమైనా ఉండిపోయిందా?”

ఫిట్టరు ఆమె మడిచిన పెట్టెలు తీసి దొంతరగా పేర్చాడు.

“ఇవాళ ఒక్క పగులు సీసా కూడా దాటిపోలేదమ్మా,” అన్నాడు.