ఉప్పునీటిలో ఆకుపొర

సత్యకుమారి రోటి దగ్గర మినప్పప్పు రుబ్బుతుండగా ఆమె భర్త నాగేశ్వరప్రసాద్ కాగితాలు తెచ్చి పీట మీద పెట్టాడు.

"చెయ్యి ఖాళీ అయ్యాక ఈ మూడు బొమ్మలూ గీసెయ్యి సత్యా. సాయంత్రం ప్రెస్సులో ఇచ్చెయ్యాలి."

అతను కొవ్వూరులో ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ లెక్చరరు. ఇంటర్ పిల్లలకి గైడు రాస్తున్నాడు. బొమ్మలన్నీ సత్యకుమారివి, అట్ట మీద పేరు అతనిది. కిందటేడు మొదటి భాగం చూసి ఎవరో బొమ్మలు బావున్నాయంటే, "మా ఆవిడది ముగ్గులేసిన చెయ్యి కదండీ" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వేసి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

పిండి చెయ్యి కడుక్కుని కాగితం చూసింది. ద్రవాభిసరణ. మొక్క కణాన్ని ఉప్పునీటిలో ఉంచితే లోపలి నీరు బయటికి పోయి ముడుచుకుంటుంది. లోపలా బయటా గాఢత ఒకటే అయితే మారదు. మంచినీటిలో ఉంచితే నీరు లోపలికి చేరి పగిలిపోతుంది.

"ఏవండీ, పగిలేది రక్తకణం కదా? మొక్క కణానికి చుట్టూ గోడ ఉంటుంది. ఉబ్బి బిగుస్తుంది గాని పగలదు."

అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "బొమ్మ గీయమంటే నాకే పాఠం చెబుతున్నావేంటి?" అన్నాడు.

వసారాలోంచి అత్తగారు శ్యామలాంబ అందుకుంది. "వాడి చదువుకి దిద్దుబాట్లు పెట్టకమ్మాయ్. రోట్లో పప్పు అలాగే ఉంది, చూసుకో."

సత్యకుమారి బొమ్మలు గీసిచ్చింది. కింద రాత అతనిదే ఉండిపోయింది.

రాజమండ్రిలో ఆమె బి.ఎస్సీ. రెండేళ్లు చదివింది. మూడో ఏడు మొదలవ్వాల్సిన నెలలో పెళ్లి చేశారు. తరవాత చదువుకోవచ్చులే అన్నారందరూ. ఆ తరవాత అత్తగారి మోకాళ్ల నొప్పులు వచ్చాయి, ఆడపడుచు పురుళ్లు వచ్చాయి, తనకి పిల్ల పుట్టింది, ఎనిమిదేళ్లు గడిచాయి. ఆమె చదివిన కాలేజీ మాత్రం గోదావరికి అవతలి గట్టునే ఉంది, కొత్త వంతెన మీద బస్సెక్కితే ఎంతో సేపు పట్టదు. ఆమె బెంగ డిగ్రీ కాగితం మీద కాదు. మైక్రోస్కోపులో కనిపించే ఆ గుండ్రటి వెలుగు మీద. అందులో కన్ను పెట్టినంతసేపూ ఎవరూ ఆమెని ఏ పనికీ పిలిచేవారు కాదు.

మర్నాడు నాగేశ్వరప్రసాద్ క్యారేజీ మర్చిపోయి వెళ్తే, తీసుకుని తనే కాలేజీకి వెళ్లింది. ల్యాబు అటెండరు అప్పాయమ్మ స్టూలు చూపించింది.

"సారు క్లాసులో ఉన్నారమ్మగారూ. కూర్చోండి."

బల్ల మీద ప్రాక్టికల్‌కి ఊదారంగు ఆకులూ, ఉప్పునీళ్లూ సిద్ధంగా ఉన్నాయి.

"ఒక్కసారి చూడనా అప్పాయమ్మా?"

"చూడండి, దానికేం భాగ్యం!"

ఆకు అడుగు పొర పలచగా లాగబోతే మొదటిది చిరిగిపోయింది. తరవాత వేళ్లకి అన్నీ గుర్తొచ్చాయి. ఉప్పునీటి చుక్క వేసి కన్ను ఆనించింది. కణాల గదుల్లో నిండుగా ఉన్న ఊదారంగు, గోడల్ని వదిలి నెమ్మదిగా మధ్యకి ముడుచుకుంది. అద్దుడు కాగితంతో ఆ నీటిని పీల్చేసి, మంచినీళ్లు చుక్క చుక్కగా వదిలింది. ఎదురుచూసింది. చాలాసేపటికి రంగు కదిలింది. మళ్లీ పరుచుకుంటూ గోడ దాకా వచ్చి ఆగింది. ఆమె కన్ను చెమ్మగిల్లి అంతా మసకయింది.

గంట కొట్టారు. పిల్లలతో పాటు లోపలికొచ్చిన నాగేశ్వరప్రసాద్ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నువ్వేంటి ఇక్కడ?"

"మీ క్యారేజీ తెచ్చానండీ."

ఈలోగా మీనాకుమారి అనే విద్యార్థిని మైక్రోస్కోపులోకి తొంగిచూసింది. పక్కనున్న మంచినీళ్ల గ్లాసు వైపూ చూసింది.

"సార్, ఇది మంచినీళ్లలోనే ఉందండీ. పగల్లేదేంటండీ? నోట్సులో పగిలిపోతుందని రాయించారు కదండీ?"

అతను భార్య వైపు చూశాడు. ఇలాంటప్పుడు ఎప్పుడూ ఆమె ఏదో ఒకటి అని అతన్ని గట్టెక్కించేది. ఇప్పుడూ అదే ఆశించాడు.

"పగలదమ్మా," అంది సత్యకుమారి. "నీరు చేరేకొద్దీ గోడ కూడా ఎదురు నొక్కుతుంది. అందుకే నిండుతుంది గాని చెదరదు."

మీనాకుమారి ఆమె ముఖంలోకే చూస్తూ అడిగింది. "మీరు ఏ కాలేజీలో చెబుతారండీ?"

"ఇంటికి పద సత్యా. తరవాత మాట్లాడదాం," అన్నాడు నాగేశ్వరప్రసాద్ మెల్లిగా.

సత్యకుమారి ఆ పిల్లకే జవాబిచ్చింది.

"చెప్పడం లేదమ్మా. చదువుతున్నాను. వచ్చే జూన్ నుంచి, మూడో సంవత్సరం."