కో వోల్సన్ సంతకం

పుట్టిన ఊరికి మనిషి ఏమవుతాడు?

కొడుకా, అద్దెకున్నవాడా, దారినపోయేవాడా? మధ్యాహ్నం క్లినిక్ మూసి, మళ్ళీ తెరిచే లోపున తత్వశాస్త్రం చదువుకోవడం నాకు అలవాటు. ఇలాంటి ప్రశ్నలు అక్కడ చాలా తగిలేవి. పుస్తకంలో ఉన్నంతసేపూ ప్రశ్న సాధుజంతువే. మొన్న సోమవారం అది నగరపాలక కార్యాలయం మూడో అంతస్తులో నన్ను కరిచింది.

ఒసాకాకు తూర్పున, కాలువ ఒడ్డున ఉన్న ఈ చిన్న పట్నంలో నేను పళ్ళ డాక్టరును. మా తాత, అప్పట్లో జపాన్ ఏలుబడిలో ఉన్న జెజు దీవి నుంచి పడవలో వచ్చాడు. నాన్న ఇక్కడే పుట్టాడు. నేనూ ఇక్కడే పుట్టాను. క్లినిక్ బోర్డు మీద నా పేరు జపాన్ పద్ధతిలో కురోయమా, ఇంట్లో హ్యోన్ తేయిక్. మా వీధిలో సగం మందికి ఇలా రెండేసి పేర్లున్నాయి. ఎవరూ దాన్ని వింతగా చూడరు. నా దగ్గర ఉన్నది శాశ్వత నివాస హక్కు. మూడు తరాలుగా శాశ్వతం, మూడు తరాలుగా నివాసం. పౌరుణ్ణి మాత్రం కాను.

మా వీధి చివర బడిలో పగలు పిల్లలు చదువుకుంటారు, సాయంత్రం పెద్దవాళ్ళు. చిన్నప్పుడు బడి మొహం చూడనివాళ్ళ కోసం ఆ సాయంత్రం తరగతులు. అరవై దాటాక మా అమ్మ అక్కడ చేరింది. అంతకుముందు ఏ కార్యాలయానికి వెళ్ళాల్సి వచ్చినా కుడిచేతికి గుడ్డ చుట్టుకొని బయలుదేరేది. చెయ్యి కాలిందని చెప్పి గుమాస్తా చేత రాయించుకొనేది. ఆ గుడ్డ ఆమె చేతిసంచిలో ఎప్పుడూ మడత పెట్టి ఉండేది. బడిలో చేరిన రెండో ఏడు దానితో పొయ్యిగట్టు తుడవడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం తరగతుల్ని మూసేస్తామని నగరపాలక సంస్థ ప్రకటించింది. ఖర్చు ఎక్కువట, చదివేవాళ్ళు తక్కువట. ఓటర్లలో యాభై మందికి ఒకరు చొప్పున సంతకాలు పెడితే నగర సభ ఆ విషయాన్ని చర్చకు తీసుకోక తప్పదని చట్టం. వీధి సంఘం పెద్ద నకత్సుజి ఆ పని నెత్తిన వేసుకున్నాడు. ఆయనది సముద్రపు నాచు అమ్మే కొట్టు, గొంతు మాత్రం చేపల బజారుది. సంతకాల కాగితాలు చంకన పెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు.

"డాక్టరుగారూ, మీ వెయిటింగ్ రూములో కూర్చున్నవాడు ఎక్కడికి పారిపోతాడండీ? పన్నునొప్పితో ఉన్నప్పుడే కాయితం చేతిలో పెట్టండి."

"నేను సంతకాలు తీసుకోవచ్చా? నాకు ఓటు లేదుగా."

"ఇదేవన్నా ఎన్నికలా? సంతకాలేగా! అయినా మీరిక్కడ పుట్టినవారు. నేను నారా నుంచి వచ్చినవాణ్ణి. అడిగితే నన్నడగాలి మీరెవరూ అని."

అది సరైన జవాబు కాదని ఎవరినైనా అడిగి తెలుసుకోగలిగేవాణ్ణే. ఆ జవాబు నాకు నచ్చింది, అడగలేదు. ఆ వేసవంతా నా దగ్గర నోరు తెరిచిన ప్రతివారూ ముందు కాగితం మీద సంతకం పెట్టారు. జపాన్ వాళ్ళు పెట్టారు, మావాళ్ళూ పెట్టారు. అమ్మ పాత కాలెండరు వెనక నాలుగు రోజులు రాసి చూసుకొని అయిదో రోజు వచ్చింది. వీధిలో అందరికీ ఆమె కురోయమా అవ్వ. కాగితం మీద మాత్రం కో వోల్సన్ అని తన పేరు రాసింది. పెళ్ళిలోనూ పిల్లల్ని బడిలో చేర్చినప్పుడూ ఆ పేరు ఇంకెవరో రాశారు. ప్రజల కోసం పెట్టిన కాగితం మీద దాన్ని ఆమె తన చేత్తో రాయడం అదే మొదలు.

సంతకాలు సరిచూశాక ఆ కాగితాల్ని నగరపాలక కార్యాలయంలో కొన్నాళ్ళు అందరికీ చూపిస్తారు. అమ్మ చూస్తానంటే తీసుకువెళ్ళాను. ఉద్యోగి కుర్రవాడు కాదు, పెద్దవాడే. మర్యాదగా లేచి నిలబడ్డాడు. మా కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ప్రతి పేరు పక్కనా ఒక ఎర్రటి ముద్ర. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అదే ముద్ర.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకొని, వేలితో పట్టుకొని, బడిలో చదివినట్టే పైకి చదివింది.

"చె... ల్ల... దు."

తర్వాత నా వైపు చూసింది. "చెల్లదు అనేగా? సరిగ్గా చదివానా?"

ఆ అక్షరాలు ఆమెకు నేర్పింది ఆ బడే.

"మా అమ్మది చెల్లదు, సరే. ఆమెకు ఓటు లేదు," అన్నాను. "ఈయనది ఎందుకు చెల్లదు? ఈయన కసాయి కొట్టు మొరిషిత. ఈవిడ పోస్టాఫీసులో పనిచేస్తుంది. వీళ్ళు ఈ దేశం వాళ్ళేగా?"

"నిజమేనండి," అన్నాడు ఆయన. "కాని ఇవి సేకరించినవారు మీరు. సేకరించేవారికి కూడా ఓటుహక్కు ఉండాలని నిబంధన. అందుకని, మీ చేతుల మీదుగా వచ్చినవన్నీ... మీరు తప్పుగా అనుకోకండి."

"నేను తాకినందుకు వాళ్ళ సంతకాలు పాడైపోయాయి. అంతేనా?"

"అలా అని కాదండి. నిబంధన అలా ఉంది."

నా కట్ట లెక్కలోకి వచ్చి ఉంటే అర్జీ గట్టెక్కేది. రాలేదు గనక పడిపోయింది. నాకు కేకలు వెయ్యాలనిపించింది. ఎవరి మీద? చట్టం ఆయన రాసింది కాదు. పైగా ఆయన పైవరస దంతానికి తొడుగు వేసింది నేనే. మాట్లాడుతున్నంతసేపూ అది కనిపిస్తూనే ఉంది. ఈ ఊళ్ళో ఎవరికి ఏ పన్ను పుచ్చిందో నాకు తెలుసు. ఈ ఊరికి నేనెవరో మాత్రం ఆ ఎర్రముద్ర చెప్పాలి.

అమ్మ ఇంటికి వచ్చి పొయ్యిగట్టు రెండుసార్లు తుడిచింది.

మర్నాడు సాయంత్రం నాన్న తద్దినం. తమ్ముడు తేసిక్ వచ్చాడు. వాడు అగ్నిమాపక దళంలో ఉన్నాడు. ఆ ఉద్యోగానికి పౌరసత్వం కావాలి. పదేళ్ళ క్రితం తీసుకున్నాడు. 'మంటలార్పడానికని ఇంటికి నిప్పు పెట్టావురా' అన్నాడు నాన్న ఆనాడు. తద్దినం నాడు తాతముత్తాతలకు బియ్యపు కల్లు పొయ్యడానికి వాడు ఇక పనికిరాడన్నాడు. నాన్న పోయాక కూడా ఆ మాట చెల్లుతూనే ఉంది. ప్రతి ఏడూ నేను మోకాళ్ళ మీద కూర్చొని పోస్తాను, వాడు గుమ్మం దగ్గర నిలబడి చూస్తాడు.

పళ్ళు, చేపలు, నువ్వులనూనెలో వేయించిన కూరలు బల్ల మీద వరసగా సర్దుతుంటే కార్యాలయం సంగతి చెప్పాను. వాడు నిట్టూర్చాడు.

"అన్నయ్యా, నువ్వు తిడతానంటే చెప్పను."

"చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాను తీసేసుకోమని? ఓటొస్తుంది. బయటి దేశంలో ఎక్కువ కాలం ఉండిపోతే మళ్ళీ రానిస్తారో లేదో అన్న బెంగుండదు. రేపు నీ కూతురు జడ్జీ అవుతానంటే అడ్డుండదు. అన్నిటికన్నా పెద్ద లాభం, 'జపనీస్ చక్కగా మాట్లాడుతున్నారే' అని ఎవడూ మెచ్చుకోడు."

"మెచ్చుకోవడం మానేశారా?"

"మానలేదనుకో," అని నవ్వాడు. "మొన్న మా ఆఫీసరే మెచ్చుకున్నాడు."

నాకు నవ్వు రాలేదు. "లాభం అనకు. ఆ మాటంటే నాకు ఒళ్ళు మండుతుంది. తాత ఇక్కడికి వచ్చినప్పుడు ఆయన్ని నువ్వు ఈ దేశం వాడివే అన్నారు. యుద్ధం అయిపోయాక కావన్నారు. రెండుసార్లూ ఆయన్ని అడగలేదు. ఒకడి చొక్కా లాక్కొని, దరఖాస్తు పెట్టుకుంటే తిరిగి ఇస్తాం, నీకు చలి పుట్టదు, ఎంత లాభమో చూడు అంటే దాన్ని లాభమంటావా?"

"చొక్కానే కద అన్నయ్యా. చలి వేస్తోంది కద."

"నీకు సిగ్గు లేదు."

"నాకు చొక్కా ఉంది."

చేతిలో ఉన్న పళ్ళెం బల్ల మీద గట్టిగానే పెట్టాను. ఒక పియరు పండు దొర్లి కింద పడింది. అమ్మ దాన్ని తీసి, ఏప్రనుతో తుడిచి, మళ్ళీ పళ్ళెంలో పెట్టింది.

"అయిందా?" అంది. "ఇప్పుడు నే చెప్తా. బయటి దేశం వాళ్ళ చిట్టాలోకని మీ నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి వేలికి సిరా పూసి ముద్ర తీశారు. దొంగకి తీసినట్టు తీశారు. ఆ రోజు నుంచి ఆయన అన్నంలో ఆ కోపమే కలుపుకుని తిన్నాడు. అది ఆయన కోపం. ఆయన సంపాదించుకున్నాడు. నువ్వేం చేశావు? క్లినిక్కుతో పాటు దాన్ని కూడా నీ పేర రాయించుకున్నావు."

"అమ్మా, నిన్న నువ్వు కూడా చూశావుగా..."

"చూశా. చదివా కూడా. చెల్లంది నా సంతకం. కోపం రావలసింది నాకురా, నీకు కాదు. నాకొచ్చింది. మీ ఇద్దరూ చొక్కాలూ చలీ అని కబుర్లు చెప్పుకోండి. బడి మూసేది ఈ మార్చిలో కాదు, పై మార్చిలో. నకత్సుజి మళ్ళీ మొదలెడతాడట, పొద్దున్న కొట్లో అన్నాడు. అప్పటికి నా సంతకం చెల్లాలి. ఎలా చెల్లుతుందో నువ్వు చూడు."

"నువ్వా? ఈ వయసులో పౌరసత్వమా?"

"చదువుకి లేని వయసు దీనికొచ్చిందా? కాని ఒరేయ్ చిన్నోడా, పేరు మార్చమంటారా? నేను నేర్చుకున్నది ఒక్క పేరే. ఇంకోటి నేర్చుకునే ఓపిక లేదు."

"అక్కర్లేదమ్మా," అన్నాడు తేసిక్, మెల్లగా. "ఇప్పుడు సొంత పేరే ఉంచుకోవచ్చు. అప్పుడు పేరు మార్చుకుంటే మంచిదని నాతో అన్నారు. నేను మార్చుకున్నాను."

అమ్మ కల్లు కూజా తీసి వాడి చేతిలో పెట్టింది. వాడు నా వైపు చూశాడు.

"అటు చూస్తావేం? పొయ్యరా. మీ నాన్నకి కోపమొస్తే నాకు కలలో చెప్తాడు. నేను సమాధానం చెప్పుకుంటా."

మంటల్లోకి వెళ్ళి వచ్చే ఆ చేతులు కూజా వంచాయి. కొంచెం బల్ల మీద ఒలికింది. తుడవడానికి నేనే గుడ్డ అందించాను. ఆ పాత గుడ్డే.

తెల్లవారి క్లినిక్ తెరుస్తూ నన్ను నేను అడిగాను: ఈ కోపం నాదా, నాన్నదా? కొంత ఆయనదే. ఎర్రముద్రలు చూసినప్పుడు రగిలినది మాత్రం నాదే, సందేహం లేదు. మరి ఇన్నేళ్ళూ దరఖాస్తు పెట్టకుండా నేను ఎవరిని శిక్షించాను? నేను కాదనడం ఈ రాజ్యానికి తెలియను కూడా తెలియదు. తెలిసింది అమ్మకు, మొరిషితకు, పోస్టాఫీసు ఆవిడకు. తలుపు తీయించుకొని లోపలికి వెళ్ళడమూ, తలుపు మూసినవాణ్ణి క్షమించడమూ ఒకటేనని ఇంతకాలం భ్రమపడ్డాను. అవి రెండు వేర్వేరు పనులు. మొదటిది చేసి రెండోది చేయకుండా ఉండవచ్చు.

మొదటి రోగి నకత్సుజి. కుర్చీలో వాలుతూనే మొదలుపెట్టాడు.

"నా సరుకే నా కొంప ముంచింది డాక్టరుగారూ. నాచు నములుతుంటే సిమెంటు ఊడొచ్చింది. ఇంతకీ సంతకాల సంగతి... నా తప్పేనండి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు. పోనీ మీరా పౌరసత్వమేదో తీసేసుకోకూడదూ? మీకూ మాకూ తేడా ఏవుంది? మీరు మావాళ్ళేగా!"

"నోరు తెరవండి," అన్నాను.

తెరిచాడు. రెండు బుగ్గల్లోనూ దూది కుక్కాను.

"మీవాళ్ళం కాము. తేడా ఉంది. ఎంత తేడా ఉందో ఎర్రగా ముద్ర వేసి చూపించారు. మీరు మంచివారు నకత్సుజి గారూ. మీ మంచితనానికే నాకు కోపం. తేడా లేదని మీరు ఎంత ప్రేమగా అంటారో, అంత తేలిగ్గా మరిచిపోతారు. మీరు ఒక్కసారి ఆ నిబంధన చదివి ఉంటే, ఒక్కసారి నేనెవరినో గుర్తుంచుకొని ఉంటే, మా అమ్మ సంతకం పోయినా ఊరి సంతకాలు దక్కేవి. నేనూ చదవలేదు. మీరు అలా అనడం హాయిగా ఉండి చదవలేదు."

"ఆ... ఆ..." అన్నాడు ఆయన. కళ్ళు పెద్దవయ్యాయి.

"తీసుకుంటాను. మీలాంటివాణ్ణి కావడానికి కాదు. నా చేతి మీదుగా వచ్చిన కాగితాన్ని ఇంకెవరూ పారెయ్యకుండా ఉండడానికి. కదలకండి, ఇప్పుడే వస్తాను."

చేతి తొడుగులు విప్పేశాను. పౌరసత్వ దరఖాస్తులు తీసుకొనే, పొరుగు పట్నంలోని న్యాయ వ్యవహారాల కార్యాలయానికి అప్పటికప్పుడే ఫోను చేశాను. సంప్రదింపుకు ముందుగా సమయం తీసుకోవాలి.

"ఎంతమందికండీ?" అంది అవతలి గొంతు.

"ఇద్దరికి. మా అమ్మకూ నాకూ."

"పేర్లు చెప్పండి."

"కో వోల్సన్. హ్యోన్ తేయిక్."

పేర్లు రాసుకొని, "మీరు జపనీస్ చాలా చక్కగా మాట్లాడుతున్నారండి," అంది.

"మీరు కూడా," అన్నాను.

ఆమె వచ్చే నెల మొదటి గురువారం, ఉదయం, అని చెప్పింది. ఫోను పెట్టి, వెంటనే ఇంటికి చేశాను. కుర్చీలో నకత్సుజి కళ్ళు తిప్పి నన్నే చూస్తున్నాడు, నోరు తెరిచే ఉంది.

"అమ్మా, సమయం దొరికింది. ఎప్పుడంటే..."

"ఉండు ఉండు," అంది అమ్మ. "పెన్ను తెచ్చుకోనీ. నేను రాసుకుంటా."