పసుపు పట్టీ

కుందుర్పి దారిలో కూలీల ట్రాక్టరు బోల్తా పడిందని తెలిసి నేను ఆసుపత్రికి చేరేసరికే నా చెల్లెలి మొగుడు ఓబులేసు పోయాడు. చెల్లెలు నల్లమ్మనూ ఆ ట్రాక్టరు కిందనుంచే తీశారట. ఆమె ఎక్కడుందో చెప్పేవాళ్లు లేరు.

వరండా నిండా దెబ్బలు తగిలినవాళ్లే. వచ్చినవాళ్లకు వచ్చినట్టే చేతికి రబ్బరు పట్టీ వేశారు. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు ఎరుపు, కాస్త ఆగగలిగేవాళ్లకు పసుపు. పట్టీలోని బిళ్ల, మనిషి ఎక్కడున్నదీ వైర్లు లేకుండానే కంప్యూటరుకు చెబుతుందట. నల్లమ్మది పసుపు. కడుపులో నెత్తురు కారుతోందని స్కానింగులో తేలిందనీ, వెంటనే ఆపరేషన్ చేయాలనీ నర్సు జయంతి చెప్పింది. కంప్యూటరు తెరమీద నల్లమ్మను చూపే చుక్క కుళాయి దగ్గర కదలకుండా ఉంది.

నల్లమ్మను పేరు పెట్టి పిలుస్తూ ఇద్దరం పరుగెత్తాం. అక్కడ మనిషి లేదు. పగిలిన పచ్చగాజులు, వాటి మధ్య పసుపు పట్టీ.

నాకు అర్థమైంది. నా మొగుడు పోయినప్పుడు నా గాజులు పదో దినాన తీశారు. నల్లమ్మ అత్త ఓబమ్మ అంతదాకా ఆగలేదు. కొడుకుచేత మగ్గం మాన్పించి కూలికి తిప్పిందని కోడలిమీద ఆమెకు ఎప్పటినుంచో పగ.

ఓబమ్మ గేటు పక్కన గోడకు ఆనుకొని ఉంది.

"నల్లమ్మ యాడ అత్తా?"

"మొగుణ్ణి మింగినదానికి పసుపు కంకణమొకటా? గాజులతోపాటు తెంచి పారేసినా."

"అది కంకణం కాదు. ఆసుపత్రోళ్లు కట్టింది. యాడుండాదో చూపేది అదే."

"దాని మొగం ఎవురు చూడాలంట? కడుపు నొప్పంటాంది. నా కడుపు కాలలేదా?"

ఆమె వెనక నిండా చీర కప్పుకొని ఒక మనిషి ముడుచుకొని పడి ఉంది. చీర లాగేశాను. నల్లమ్మ పెదాలు తెల్లబారాయి. అంతసేపూ పేరు పెట్టి పిలుస్తున్నా పలకలేదేమని అడిగితే, అత్త వద్దనిందని గొణిగింది.

స్ట్రెచరు వచ్చింది. గాజులు గుచ్చుకొని చేతులు రెండూ చీరుకుపోయినందున జయంతి ఎర్రపట్టీని కాలికి వేసింది. ఓబమ్మ స్ట్రెచరు పట్టుకొని వదల్లేదు. శవం దగ్గర ఏడవాల్సిన మనిషిని తీసుకుపోతారా అంది. ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీశాను.

"నీ కొడుకు దగ్గరికి పో అత్తా. దీన్ని ఇంకోసారి ముట్టుకుంటే నీ చేతులు ఇరిచేస్తా."

ఆపరేషన్ అయ్యేదాకా ఓబమ్మ తిడుతూనే ఉంది. తెరమీది ఎర్రచుక్కమీదనుంచి నేను కళ్లు తీయలేదు.

నల్లమ్మ బతికింది. పదో దినాన ఓబమ్మ కొత్త గాజులు పంపింది. తొడిగి, మళ్లీ పగలగొట్టాలట, తొందరపడి చేసింది చెల్లదట. గాజులు తీసుకొని, తెచ్చినవాళ్లను వెళ్లగొట్టాను.

అవి ఇప్పటికీ నల్లమ్మ చేతులకే ఉన్నాయి.