మిగతా ఎనిమిదో పేజీలో

నేను ఒక సత్తు గుండిగని, అంటే అల్యూమినియం వంటపాత్రని. ఇంతకన్నా గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. నా పుట్టుక మీద నాకే అనుమానం. పాత లారీ ఇంజను ముక్కలు, చిల్లులు పడ్డ చెంబులు, ఎవరివో విరిగిన కుర్చీ కాళ్ళు కరిగించి నన్ను చేశారని కార్ఖానాలో అనుకోగా విన్నాను. వాటిలో ఏది నా అడుగయిందో, ఏది అంచయిందో తెలియదు. జనం మాత్రం నన్ను చూసి వెండిలా ఉందన్నారు. మెరిసేదాన్ని మనుషులు తొందరగా నమ్ముతారు.

మొదట పెళ్ళిళ్ళకు సామాను అద్దెకిచ్చే కొట్లో ఉన్నాను. ఏ పెళ్ళికి వెళ్ళినా పులుసు పలచగా ఉందని మగపెళ్ళివారు అనేవారు. అంటూనే మళ్ళీ పోయించుకునేవారు. ఆ కొట్టు ఎత్తేశాక తణుకులో తాతబ్బాయి నన్ను కొన్నాడు. నా అంచు మీద భార్య పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించాడు. ఆ రోజు నుంచి నేను వరహాలమ్మ గుండిగని.

వరహాలమ్మది మార్కెట్టు వెనక సందులో కర్రీ పాయింటు. ముక్కల పులుసు నాలోనే కాచేది. ఆనపకాయ, మునక్కాడ, చిలగడదుంప, చివర్లో బెల్లం ముక్క. ఆ చింతపండు పిప్పితోనే సాయంత్రం నన్ను తోమేది. తెల్లగా వచ్చేవాణ్ణి. ముప్ఫై ఏళ్ళలో అలా పలచబడిపోయాను. తరిగిపోయిందంతా ఎక్కడికి పోయిందని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

అడిగింది పేపరు.

గణపతిరావు గారని, సొసైటీ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కూర కట్టేలోపు బెంచీ మీద కూర్చుని, అందరికీ వినపడేలా పేపరు చదువుతాడు. భయపెట్టే వార్త దొరికితే గొంతు ఇంకాస్త లేస్తుంది. ఒక వారం గుడ్డు తింటే గుండెకు ముప్పని చదివాడు. మరో వారం గుడ్డు మానేస్తే కళ్ళు పోతాయని చదివాడు. రెండు సార్లూ కోడిగుడ్డు పులుసే కట్టించుకుని వెళ్ళాడు. ఆ రోజు చదివింది మాత్రం నా గురించి. ‘సత్తు గిన్నె.. మతి సున్నా!’ అని పెద్దక్షరాలు. పక్కన తలలోంచి మెదడు ఆవిరై పోతున్న మనిషి బొమ్మ. శాస్త్రవేత్తలు కనిపెట్టారట. ఏ ఊరి శాస్త్రవేత్తలో రాయలేదు. పులుపు వండితే మరీ ప్రమాదమట. నాలుగు వాక్యాల తరవాత ‘మిగతా 8లో’ అని ఉంది. ఎనిమిదో పేజీ అప్పటికే ఎవరి చేతిలోనో బజ్జీలు చుట్టుకుని వెళ్ళిపోయింది.

బెంచీ మీద వాళ్ళకు అదొక పూట కబురు. వరహాలమ్మ చేతిలో గరిటె మాత్రం ఆగిపోయింది. ఏడాదిగా తాతబ్బాయికి మతి నిలవడం లేదు. కొబ్బరికాయలు తెమ్మంటే క్షవరం చేయించుకుని వచ్చాడు. తిన్న గంటకే అన్నం పెట్టలేదని అలిగాడు. ఒకనాడు భార్యనే పట్టుకుని, వరహాలు ఇంట్లో లేదామ్మా అని మర్యాదగా అడిగాడు. వయసని ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఇప్పుడు లెక్క వేరేగా కనపడింది. పులుసు అమ్మకానికి, ఆయనకు. తనకు మిగిలేది ఎప్పుడూ పచ్చడీ మజ్జిగే. మతి పోయింది ఆయనకు, ఉన్నది తనకు. ఆవిడ నా వంక చూసింది. తరవాత తన చేతి వంక చూసుకుంది.

“బాబుగారూ, మిగతా దాంట్లో ఏవుంటాదండీ?” అని అడిగింది.

“ఏముంటుంది, అదే ఉంటుంది,” అన్నాడు గణపతిరావు.

మర్నాటి నుంచి వచ్చినవాళ్ళందరూ దేంట్లో వండావని అడగడం మొదలుపెట్టారు. సత్తులో కాదని ఒట్టు వేయించుకుని, కుతకుత ఉడుకుతున్న పులుసును ప్లాస్టిక్ కవర్లో పోయించుకుని, ఊపుకుంటూ వెళ్ళారు. ఆ కవరు సంగతి ఇంకా పేపర్లో రాలేదు కాబోలు.

నన్ను అటకెక్కించారు. ఇత్తడి సామానుకు పేరుపడ్డ అజ్జరం నుంచి ఇత్తడి గుండిగ వచ్చింది. ఇత్తడికి లోపల తగరం కళాయి పూయించాలి. లేకపోతే పులుపు తగిలి కనరెక్కుతుంది. అది వరహాలమ్మకు తెలియక కాదు. కళాయివాడు ఆ సందులోకి వచ్చి ఏళ్ళయింది, ఇత్తడి శ్రేష్ఠమని గణపతిరావు చెప్పేశాడు, భయపడ్డ మనిషికి ఆగే ఓపిక ఉండదు. వట్టి ఇత్తడిలోనే పులుసు కాచింది. తాతబ్బాయి రెండు ముద్దలు తిని వాంతి చేసుకున్నాడు. కొనుక్కెళ్ళినవాళ్ళు గిన్నెలతో సహా తిరిగొచ్చి తిట్టిపోశారు. తరవాత స్టీలు గుండిగ కొన్నారు. దాంట్లో కాచిన పులుసు కొనేవాళ్ళకు బాగానే ఉంది. తాతబ్బాయి మాత్రం నోట్లో పెట్టుకుని కంచం పక్కకు జరిపాడు.

“మా వరహాలు చేస్తే ఇలా ఉండదమ్మా,” అన్నాడు ఆవిడతోనే.

ఆ మాట అటక మీదికి వినపడింది. నాకైతే ఆ రుచి నా గొప్పా, ఆవిడ చేతి గొప్పా అన్నది ఇప్పటికీ అనుమానమే.

రోజురోజుకీ తాతబ్బాయికి తిండి తగ్గింది. చొక్కా భుజాల మీంచి జారేది. ఆసుపత్రికి తీసుకెళ్ళింది. సత్తు వల్లే మతి పోతుందని ఎవరూ తేల్చలేదు, భయమైతే పులుపు స్టీల్లో వండుకోండి, ముందు ఆయన నాలుగు ముద్దలు తినాలి అని డాక్టరమ్మ చెప్పిందట. ఇంటికొచ్చి వరహాలమ్మ ఆ మాటను చాలాసేపు పట్టుకు కూర్చుంది. అవుననీ కాదు, కాదనీ కాదు. అలాంటి మాట మీద పొయ్యి ఎలా వెలిగిస్తారు?

మర్నాడు నన్ను దించింది. తోముతూ లోపలికి చూసింది, బావిలోకి చూసినట్టు. పులుసు కాచి, వేడివేడిగా కంచంలో పోసింది. తాతబ్బాయి కలుపుకున్నాడు. ఒక ముద్ద, రెండో ముద్ద. మూడోది మింగి తలెత్తాడు.

“వరహాలూ, ఇంకో గరిటె వెయ్యి,” అన్నాడు.

ఆవిడ వేసింది. తరవాత మరో కంచం తెచ్చుకుని, తనకూ పోసుకుని, ఆయన ఎదురుగా కూర్చుంది. మజ్జిగ ముంత ముట్టుకోలేదు.

అప్పటి నుంచి అమ్మకానికి స్టీలు, ఇంటికి నేను. ఒకరోజు గణపతిరావు లోపలికి తొంగి చూసి, పేపర్లో అంత రాశాక కూడా ఆ సత్తుదేనా అని మందలించాడు.

“పోతే ఇద్దరికీ పోనివ్వండి బాబుగారూ,” అంది వరహాలమ్మ, పొయ్యి దగ్గర్నించి లేవకుండానే. “ఒకళ్ళకుండి ఒకళ్ళకి లేకపోతేనేనండీ కష్టం.”

ఆయన కూర పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు.

నేను ఇప్పుడు ఇద్దరినీ గమనిస్తుంటాను. నాది అనుమానపు బుద్ధి, నా మీదే నాకు ఎక్కువ. మొన్న పులుసు మరుగుతుంటే ఆవిడ ఉప్పు డబ్బా చేత్తో పట్టుకుని ఆగిపోయింది.

“ఉప్పేశానా?” అంది.

“వేశావే,” అన్నాడు తాతబ్బాయి గుమ్మంలోంచి.

వేసింది. నాకు తెలుసు. ఆయన చూసి అన్నాడో, అడిగింది కదా అని ఊరికే అన్నాడో అది మాత్రం తెలియదు. ఆవిడ రుచి చూడలేదు. డబ్బా పక్కన పెట్టి, నా మీద మూత పెట్టింది.