రెండు భాషల వసారా

భూలి నోరు తెరిచేలోపే లీలావతి పుస్తకంలోని బొమ్మను అరచేత్తో మూసేసింది.

“బొమ్మ సూడకు బిడ్డా. అక్షరం సూడు.”

రెండో తరగతి పిల్ల వేలు అక్షరాల కింద నెమ్మదిగా జరిగింది. “రొ... ట్టె.” పక్కనే కూర్చున్న రుక్మాబాయి, దాన్ని మన ఇంట్లో ఏమంటారని లంబాడీలో అడిగింది. “బాటి” అని భూలి నవ్వింది. ముందు పళ్లు రెండూ ఊడి ఉన్నాయి.

పెన్‌పహాడ్ అవతల తండాలో అదొక ఒంటిగది బడి. లోపల పంతులు పెద్ద తరగతులకు ఎక్కాలు చెప్పిస్తుంటే, చదవడం రాని చిన్న పిల్లలు వసారాలో గోనెపట్టా మీద ఈ ఇద్దరు ఆడవాళ్ల ముందు కూర్చునేవారు. అది పందొమ్మిది వందల అరవై ఏడు ఏప్రిల్. రేపటి నుంచి ఎండాకాలం సెలవులు.

లీలావతి పొట్టి మనిషి. నలభై రెండేళ్లు. నడిచి నడిచి మడమలు పగిలాయి, కుడిచేతి వేళ్ల సందుల్లో ఎప్పుడూ సుద్దపొడి ఉండేది. సూర్యాపేట ధాన్యం కొట్ల వీధిలో పుట్టింది. భర్త బద్రీనాథ్ మిర్యాలగూడ రైసుమిల్లులో గుమాస్తా. పిల్లలు లేరు. ముప్పై దాటాక పన్నెండేళ్ల పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని ఏడో తరగతి పాసైంది. వీధిలో నవ్విన వాళ్లతో కలిసి తానూ నవ్వింది. రెండేళ్ల కిందట పంచాయతీ సమితి, చిన్న తరగతుల్లో వెనకబడిన పిల్లలకు చదవడం నేర్పడానికి ఒక సహాయకురాలి పోస్టు మంజూరు చేస్తే అది ఆమెకు దొరికింది. పుట్టింట్లో ఉంటూ రోజూ ఇత్తడి మరచెంబులో నీళ్లు నింపుకుని మొదటి బస్సులో వచ్చి, దిగినచోటు నుంచి రెండు మైళ్లు నడిచేది. చెప్పుకోవడానికి ఆమె జీవితంలో అంతకు మించి ఏమీ లేదు.

మొదటి ఏడాది ఆమె ఓడిపోయింది. భూలి పాఠమంతా గడగడా అప్పజెప్పేది. ఒకనాడు లీలావతి పేజీ తిప్పేసినా ఆ పిల్ల పాత పాఠమే చదువుకుంటూ పోయింది. అన్నం తెచ్చిన మేనత్త రుక్మాబాయి అది చూసి గుమ్మంలో నిలబడి పకపకా నవ్వింది.

“రొట్టె అంటే ఏందో దానికి ఎరికె లేదు, టీచరమ్మా. ఇంట్ల మేం బాటి అంటం.”

లీలావతి పుస్తకం మూసేసింది. ఏడాదిగా ఆ పిల్లలకు తాను నేర్పింది అర్థంలేని చప్పుళ్లేనన్న సంగతి ఆమెకు అప్పుడు తెలిసింది. “రేపటి సంది నువ్వు గూడ వస్తవా, రుక్మా?” అని అడిగింది. తండ్రి సూర్యాపేట మిల్లు గేటు దగ్గర కాపలా ఉన్న రోజుల్లో రుక్మాబాయి కూడా ఏడు పాసైంది. అప్పటి నుంచి జీతం లేకుండానే వచ్చి కూర్చుంటోంది.

పదకొండింటికి సమితి ఆఫీసరు సుదర్శన్ జీపు దిగాడు. కోదాడ వైపు మనిషి. పోస్టు ఉంచాలో తీసేయాలో ఆయన రాసే నాలుగు ముక్కల మీదే ఉంది. భూలి పాఠం చదివితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

“ఇది బట్టీయం పెట్టించి ఉంటారండి. చాలా బళ్లలో చూశాను.”

తన టిఫిను డబ్బాకు చుట్టిన పాత పేపరు విప్పి, మడత సరిచేసి పిల్ల ముందు పెట్టాడు. లీలావతి ముందుకు వంగి చూసింది. ఆ అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

భూలి వేలు పెట్టింది. “సా... గర్... కా... లువకు... త్వ...” అక్కడ ఆగింది. పెదవులు తడుపుకుంది. “త్వరలో... నీరు.” ఉన్నట్టుండి వెనక్కి తిరిగి పిల్లలందరికీ వినబడేలా “పాణి!” అంది. తర్వాత వాళ్ల భాషలో గబగబా ఏదో చెప్పింది. వసారా అంతా గోలగోల అయింది.

గోడకు ఆనుకుని కూర్చున్న భూలి తాత మంగ్త్యా లేచాడు. రెండేళ్లు ఆ కాలువ మట్టి మోసినవాడు.

“జర మళ్ల సదువు, బిడ్డా.”

భూలి మళ్లీ చదివింది. ముసలాయన ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, తలకిందులుగా పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. సుదర్శన్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పోస్టు ఉంటుందండి. నేను రాస్తాను. ఇదెలా చేశారు?”

“నేను కాదు సార్, రుక్మ. నా తెలుగు ఒక్కటే అయితే ఈ పిల్లలకు సాలదు. ఆమెకు రెండు భాషలొస్తయి.”

“బాగానే ఉంది కానీ, రెండు జీతాలు ఇవ్వలేమండి.”

“ఒక్కటే ఇయ్యుండ్రి. ఆమె పేరు రాయుండ్రి.”

తానన్న మాట బరువు లీలావతికి తెలుసు. సర్కారు జీతాల కాగితం మీద తన పేరు ఉన్నది ఈ ఒక్క ఉద్యోగంలోనే. కానీ మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆఫీసరు రుక్మాబాయి వైపు తిరిగి, ఏడు పాసైన సర్టిఫికెట్టు ఉందా అని అడిగాడు. ఆమె ఇంటికి పరుగెత్తి, ట్రంకుపెట్టె అడుగునుంచి దాన్ని తెచ్చింది. మడతల దగ్గర చిరిగింది కానీ పేరు చక్కగా కనబడుతోంది. ఆఫీసరు ఆ పేరే రాసుకున్నాడు.

జీపు వెళ్లిపోయాక వసారాలో ఆడవాళ్లిద్దరే మిగిలారు.

“గట్లెందుకన్నవమ్మా? నువ్వేం జేస్తవ్ ఇగ?”

“మిర్యాలగూడ పోత. మా ఆయన రెండేండ్ల సంది చేతులు కాల్చుకుంటుండు.” లీలావతి నవ్వింది. “ఆ మిల్లు కాడ కూలోళ్ల పిల్లలు శానమంది ఉన్నరు. గాడ ఒక వసారా దొరకదా?”

సాయంత్రం పిల్లలందరూ ఆమె వెంట రోడ్డు దాకా వచ్చారు. దారి పొడుగునా మైలురాయి, బస్సు బోర్డు, గోడ మీద ఎరువుల ప్రకటన, కనబడ్డదల్లా పోటీపడి చదివారు. తప్పు చదివినచోట లీలావతి దిద్దలేదు, రుక్మాబాయి దిద్దింది. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక లీలావతి ఒక్కసారి చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగింది.

రుక్మాబాయి వెనక్కి వచ్చి గోనెపట్టా దులుపుతుంటే గోడ వార ఇత్తడి మరచెంబు కనబడింది. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి. భూలి మోకాళ్ల మీద కూర్చుని వేలు పెట్టింది.

“లీ... లా... వ... తి.”

“ఎవరది?” అన్నాడు మంగ్త్యా.

“టీచరమ్మ పేరు,” అంది రుక్మాబాయి.

మిగిలిన పిల్లలు కూడా ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆ పేరు చదివి పోయారు. పొద్దు వాలేసరికి మరచెంబు మెడ నిండా సుద్ద అంటిన చిన్న చిన్న వేలిముద్రలు.