ఏడుపెంకులాట ఇంజిన్

నేను ఒక గేమ్ ఇంజిన్‌ని. రైలింజన్ అనుకుని దూరం జరగకండి, నాకు పొగ రాదు. కంప్యూటర్ ఆటలో బంతి ఎలా పడాలో, బొమ్మ తెర మీద ఎలా కనబడాలో చూసుకునే ప్రోగ్రామును. ఆట భోజనమైతే నేను పొయ్యిని. నాలాంటి పొయ్యిలు బయట ఉచితంగానే దొరుకుతాయి. అయినా నన్ను ప్రత్యేకంగా కట్టారంటే, కట్టినవాడి తెలివి మీరే ఊహించుకోండి.

ఆ మహానుభావుడి పేరు త్రినాథ్. కాకినాడలో ప్రోగ్రామరు. అతని అక్క హైమవతి అక్కడే ఒక బడిలో డ్రాయింగు టీచరు. ఆరో తరగతి పిల్లలు ఏడుపెంకులాట మీద గీసిన బొమ్మలన్నీ తెచ్చి, వాటితో కంప్యూటర్ ఆట చేసిపెట్టమని తమ్ముణ్ణి అడిగింది. వార్షికోత్సవం నాటికి మీ బొమ్మలు కదులుతాయని పిల్లలకు మాట కూడా ఇచ్చేసింది.

"ఉన్న ఇంజిన్ ఏదో వాడి నెల్లాళ్ళలో చేసెయ్యరా," అంది.

"ఎవడో రాసినదాని మీద కడితే లోపలేముందో మనకేం తెలుస్తుందే అక్కా?" అన్నాడు. రోజూ హోటల్లో ఇడ్లీ తినే ఈ మనిషి ఆ ప్రశ్న వంటవాణ్ణి ఒక్కనాడూ అడగలేదు.

నాకు పేరు ఆలోచించడానికి వారం, లోగో గీయడానికి పది రోజులు పట్టాయి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. దసరా ఆయుధపూజకి నేనున్న ల్యాప్‌టాప్‌కి బొట్టుపెట్టి హారతిచ్చాడు. అప్పటికి నాకు గీత గీయడం కూడా రాదు. నాలుగు నెలలకు తెర మీద ఒక త్రిభుజం తిప్పాను. కుర్చీలోంచి గంతేసి, ఫోటో తీసి, పదమూడు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాడు. తర్వాత దాని నీడ బాగాలేదని నన్ను మొత్తం చెరిపి మళ్ళీ రాశాడు. ఇలా మూడుసార్లు!

మూడు వార్షికోత్సవాలు దాటిపోయాయి. ఆరో తరగతి పిల్లలు తొమ్మిదికొచ్చారు. బొమ్మలెప్పుడు కదులుతాయని అడగడం మానేశారు. అడిగిన రోజులకంటే మానేశాకే హైమవతికి ఎక్కువ బాధ కలిగింది. నిజం చెప్పొద్దూ, నాకూ సిగ్గేసింది.

నాలుగో ఏడు ఆమె తమ్ముణ్ణి ల్యాప్‌టాప్‌తో సహా బడికి లాక్కెళ్ళింది. ఆ పిల్లల తరగతి గదిలోనే తెర కట్టి నన్ను తెరిచారు. నేను త్రిభుజం తిప్పాను. నాకొచ్చింది అదే కదా.

"పెంకులేవండీ సార్?" అంది మంగతాయి అనే పిల్ల.

"పునాది అయిపోయిందమ్మా. పెంకులు చిటికెలో వచ్చేస్తాయి."

హైమవతి తమ్ముడివైపు చూడలేదు. బడి వెనక పగిలిపడున్న పెంకులు ఏడు ఏరుకుని పిల్లల్ని మైదానంలోకి తీసుకెళ్ళింది. అరుపులు మొదలయ్యాయి. త్రినాథ్ కిటికీలోంచి బంతినే చూశాడు. "మన ఆటలో బంతి ఇంతకంటే బరువుగా పడాలి," అని గొణుక్కుని నన్ను దిద్దడం మొదలుపెట్టాడు.

మంగతాయి ఆయాసపడుతూ వచ్చింది. "మా జట్టుకి ఒకళ్ళు తక్కువయ్యారండీ, మీరు రండి సార్!"

"రెండు నిమిషాలమ్మా," అన్నాడు తలెత్తకుండా.

ఆ పిల్ల గుమ్మంలో రెండు నిమిషాలూ నిలబడింది. తర్వాత వాచ్‌మన్‌ని పిలుచుకుని వెళ్ళిపోయింది.

నన్ను ఆపెయ్యరా బాబూ, వెళ్ళి ఆడుకో అని గట్టిగా అరవాలనిపించింది. కానీ శబ్దం చేసే భాగం అతను నాకింకా రాయలేదు.