గంట కొట్టేదాకా

ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తి, చెయ్యి లోపల పెట్టి అడుగుదాకా తడిమింది. చల్లటి నీళ్లు తప్ప ఏమీ తగల్లేదు. మూత తిరిగి పెట్టబోతుంటే ఎడమ భుజం కింద ఎవరో పట్టుకుని మెలితిప్పినట్టయింది. మూత చేతిలోంచి జారి ట్యాంకు అంచుకు కొట్టుకుంది. ఆమె గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, ఆ నొప్పి దానంతటది పోయేదాకా నిలబడింది. పోయాక మూత సరిగ్గా సర్ది పక్క గదిలోకి వెళ్లింది.

పరీక్షల రోజుల్లో కాలేజీలో ఆమె పని ఇలాగే మొదలవుతుంది. ట్యాంకుల్లో, అద్దం వెనక, కిటికీ చువ్వల సందుల్లో, చెత్తబుట్ట అడుగున ఎక్కడా చీటీ ముక్క లేదని చూడాలి. గోడల మీద పెన్సిలు రాతలుంటే తడిబట్టతో తుడవాలి. ఆ రాసింది పాఠమో, ఫోన్ నంబరో, ఎవరి మీదో ప్రేమో ఆమెకు తెలియదు. అక్షరాలు కూడబలుక్కోవడానికే ఆమెకు పూట పడుతుంది. అందుకని తేడా లేకుండా అన్నీ తుడిచేస్తుంది. ఒకసారి ఒక పిల్ల, "అక్కా, అది మా ఫ్రెండు పుట్టినరోజు, దాన్నీ తుడిచేశారా?" అని నిష్ఠూరమాడితే, "పరీక్షలయ్యాక మళ్లీ రాసుకో, నేనే సుద్దముక్క తెచ్చిస్తా" అంది.

పిల్లలు ఆమెను బాత్రూం అక్క అంటారు. ఆ పేరు పెట్టిన పిల్లలు ఎప్పుడో చదువులు ముగించి వెళ్లిపోయారు. పేరు మాత్రం ఒక బ్యాచి నుంచి ఇంకో బ్యాచికి చేతులు మారుతూ వచ్చింది. ఆమె పొట్టి మనిషి. వెడల్పాటి పాదాలు. ఫినాయిలుకి పగిలిన వేళ్లు. నడుస్తుంటే కొంచెం కుడివైపుకి ఒరుగుతుంది, ఖాళీ చేత్తో ఉన్నా బకెట్టు మోస్తున్నట్టే కనిపిస్తుంది. మామూలు రోజుల్లో గదులు ఊడ్చి, బల్లలు తుడిచి, సాయంత్రానికి వెళ్లిపోతుంది. పరీక్షలప్పుడు మాత్రం ఆడపిల్లల హాలు బయట, వరండా చివర, స్టూలు వేసుకుని కూర్చోవాలి. హాల్లోంచి ఎవరైనా చెయ్యెత్తి లేస్తే వెంట తీసుకెళ్లి, తలుపు దగ్గర నిలబడి, తిరిగి తెచ్చి అప్పగించాలి. ఆడమనిషి తోడు లేకుండా ఆడపిల్లను హాలు దాటనివ్వకూడదని రూలు.

ఇవాళ పైఅంతస్తులో ఆమె కూతురు పరీక్ష రాస్తోంది. దగ్గరి బంధువులు పరీక్షలో ఉంటే ముందే చెప్పాలి, ఆ అంతస్తులో డ్యూటీ వెయ్యరు. ఆమె చెప్పింది. అందుకే కింద వేశారు. మెట్ల వైపు కూడా వెళ్లొద్దన్నారు. ఆమె వెళ్లలేదు.

తెల్లవారుజామున ఇంట్లో స్టవ్ దగ్గర మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు టీ పొంగి గట్టంతా పారింది. కూతురు పుస్తకం పట్టుకుని గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూ ఆగింది.

"అమ్మా, మొహం అలా పాలిపోయిందేంటి?"

"నేనెప్పుడు తళతళలాడాను గనక. నీ పని చూసుకో పొట్టీ."

"డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"వెళ్దాం. సాయంత్రం. నీ పరీక్షయ్యాక ఊళ్లో ఉన్న డాక్టర్లందరికీ చూపించు, కాదన్ను."

"నిజం చెప్పు. ఎక్కడైనా నొప్పిగా ఉందా?"

"మోకాళ్లు. మీ నాన్నను చేసుకున్న దగ్గర్నుంచీ ఉన్నదే."

కూతురు నవ్వి మళ్లీ నడక మొదలుపెట్టింది. తల్లి పొంగిన టీ తుడుస్తూ, వంగితే నొప్పి తగ్గుతోందా పెరుగుతోందా అని చూసుకుంది.

నాన్న మాట ఆ ఇంట్లో సరదాకి కూడా ఊరికే రాదు. రెండేళ్ల కిందట, ఇవాళ కూతురు రాస్తున్న ఈ లెక్కల పేపరు రోజునే, తెల్లారకుండానే ఆస్పత్రిలో పోయాడాయన. లారీలకు బస్తాలెత్తిన మనిషి. తండ్రి మంచం పక్కన కూర్చున్న పిల్ల పరీక్షకు వెళ్లలేదు. ఇంట్లో వాళ్లు పోతే గైర్హాజరును మన్నిస్తారని రూలుంది. కాకపోతే వారంలోపు మరణ ధ్రువపత్రం పెట్టాలి. ఆస్పత్రి వాళ్లిచ్చిన చీటీ చెల్లదన్నారు. అసలు పత్రం పురపాలక కార్యాలయం నుంచి వచ్చేసరికి వారం దాటింది. గడువు దాటిందని దరఖాస్తు కొట్టేశారు. కూతుర్ని వెంటబెట్టుకుని ఆమె పరీక్షల విభాగంలో ఆఫీసరు బల్ల ముందు నిలబడింది. రోజూ పొద్దున్నే తను తుడిచే బల్లే.

"రూలు నేను పెట్టింది కాదమ్మా" అన్నాడాయన. కోపంగా అనలేదు, బాధగానే అన్నాడు.

ఇన్నేళ్లలో ఆ భవనంలో ఆమె ఊడ్వని గది లేదు. రూలు పెట్టినవాడు మాత్రం ఏ గదిలోనూ తగల్లేదు.

ఆ మరుసటి ఏడు తండ్రి సంపాదన లేక పిల్ల సగం పూట బట్టల కొట్టులో నిలబడింది. హాజరు చాలలేదని పరీక్షకే కూర్చోనివ్వలేదు. కోర్సులో చేరాక ఇన్నేళ్లలోపు ముగించాలని ఇంకో రూలుంది. ఆ గడువు ఈ ఏటితో సరి. ఇవాళ రాసి గట్టెక్కితే డిగ్రీ. లేకపోతే ఇప్పటిదాకా రాసిన పేపర్లన్నీ, రాత్రుళ్లు కూర్చుని చేసిన ప్రాజెక్టు పనితో సహా, గంగలో పోసినట్టే. ఆ ఇంట్లో అటువైపు ఇటువైపు ఎవరూ అంతదూరం రాలేదు. మేనత్తలూ పెదనాన్నలూ అందరూ బరువులెత్తినవాళ్లే.

మొదటి గంట మోగింది. గంట కొట్టేది వాచ్‌మన్. సన్నగా, పొడుగ్గా, యూనిఫాం ఎవరిదో అడిగి వేసుకున్నట్టు ఉంటాడు. ఆమెను అక్కా అంటాడు. ఎగ్గొట్టిన డ్యూటీలకు ఆమె చేత సాక్ష్యాలు చెప్పిస్తుంటాడు. అందరి ఫోన్లూ, విద్యార్థులవీ సిబ్బందివీ, సంచిలో వేసి బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి మేడమ్ దగ్గర. మేడమ్ అంటే కింది అంతస్తు పరీక్షలకు పెద్ద.

"పైన కిటికీ పక్క సీటే అక్కా మన పొట్టిదానిది" అన్నాడు వాచ్‌మన్. బోర్డు మీద నంబరు చూసి వచ్చాడు. "గాలి బాగా వస్తుంది. నిద్రపోకుండా రాస్తే చాలు."

"దానిది నీ బుద్ధి కాదులే."

"నా బుద్ధి వస్తే ఈపాటికి హాయిగా గేటు దగ్గర కుర్చీలో ఉండేది."

ఆమె నవ్వబోయి ఆగింది. ఈసారి నొప్పి భుజంతో ఆగకుండా దవడ దాకా పాకింది. స్టూలు అంచు రెండు చేతులా పట్టుకుంది. వాచ్‌మన్ మొహంలో నవ్వు జారిపోయింది.

"అక్కా, ఏంటిది? డిస్పెన్సరీకి కబురు చెయ్యనా? వ్యాను వస్తుంది."

"ఎక్కడికొస్తుంది?"

"ఇదిగో, ఈ ముంగిట్లోకే."

"పైన కిటికీ పక్కన కూర్చుంది ఎవరు?"

అతను తలెత్తి పైకి చూశాడు. చుట్టూ గదులూ మధ్యలో ముంగిలీ ఉన్న భవనం అది. పైనున్న కిటికీలన్నీ దానిలోకే చూస్తాయి.

"పోనీ మెల్లగా వెనక గేటు దాకా నడిపిస్తా. అక్కణ్ణుంచి పెద్దాస్పత్రికి పోదాం."

"చేర్చుకోవాలంటే ఇంటి మనిషేదీ అంటారు. ఆయనప్పుడు అన్నారుగా. నాకున్నది అదొక్కతే. వచ్చి పైన తలుపు కొడతారు. అది పెన్ను అక్కడే పారేసి వస్తుంది. దాని సంగతి నీకు తెలియదు." ఆమె ఊపిరి కూడగట్టుకుంది. "గ్యాసు పట్టేసిందంతే. పొద్దున ఏమీ తినలేదు. తగ్గిపోతుంది."

"తగ్గకపోతే?"

"గంట కొట్టేదాకా దానికేమీ చెప్పకు. అంతే నేనడిగేది."

"పిచ్చి మాటలు మాట్లాడకు."

"సరే, పిచ్చిదాన్నే. చెప్పనని అను."

వాచ్‌మన్ అటూ ఇటూ చూసి, "చెప్పన్లే" అన్నాడు. ఒక మాట అనేస్తే ఆమె నెమ్మదిస్తుందని అన్నాడు తప్ప, దాన్ని నిలబెట్టుకోవాల్సి వస్తుందని అనుకోలేదు. టీ తెస్తానని ప్రహరీ పక్క క్యాంటీన్ వైపు వెళ్లాడు. అక్కడ పొయ్యి ఇంకా వెలిగించలేదు. వెలిగించేదాకా అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరిగాడు.

హాల్లోంచి ఒక పిల్ల వచ్చింది. ఆమె లేచి, గోడ పట్టుకుని, వెంట నడిచింది. పిల్ల లోపలికి వెళ్లి ఎంతకీ రాలేదు. కొళాయి చప్పుడు లేదు. వెక్కిళ్లు వినిపించాయి.

"ఏమైందమ్మా?"

"ఏదీ రావట్లేదక్కా. చదివిందంతా కలిసిపోయింది."

"ఏడుపు ఇంటికెళ్లాక ఏడువు, అక్కడ బోలెడంత టైముంటుంది. మొహం కడుక్కో. వచ్చినకాడికి రాయి. ఉత్త కాగితం మాత్రం ఇవ్వకు."

పిల్ల మొహం కడుక్కుని బయటికొచ్చింది. ఆమెను చూసి ఆగిపోయింది. చెమట ఆమె గడ్డం మీద నుంచి బొట్లుబొట్లుగా కారుతోంది. పెదవుల్లో రంగు లేదు.

"అక్కా, మీకు బాగాలేదు. మా సార్‌కి చెప్తాను."

"నోరు మెదిపావంటే చీటీలు పెట్టుకుని వచ్చావని నేనే చెప్తా. రెండేళ్లు పరీక్షల మొహం చూడవు."

పిల్ల బిత్తరపోయింది. బాత్రూం అక్క అలా మాట్లాడగా ఎవరూ వినలేదు. తలొంచుకుని హాలు గుమ్మం దాకా నడిచి, ఒక్కసారి వెనక్కి చూసి, లోపలికి వెళ్లి కూర్చుంది. పెన్ను తీసింది. ఆ తర్వాత ఆ పిల్ల ఏం రాసిందో ఆ పిల్లకే తెలియదు.

ఆమె స్టూలు దగ్గరికి చేరింది. మెడలో తాడు గొంతును నొక్కుతున్నట్టుంటే గుర్తింపు కార్డు తీసి పక్కనున్న కిటికీ గడియకు తగిలించింది. కొంచెం తేలికైంది. హాలులో కాగితాలు తిప్పే చప్పుడు, పైన ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. అది పొట్టిదేమో అనుకుంది. దానికి కుర్చీ బల్లకు దగ్గరగా లాక్కునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. పలక మీద అ దిద్దేటప్పుడు కూడా ముక్కు ఆనేంత వంగేది. కళ్లు పోతాయే అని తను అరిచేది. వాళ్ల నాన్న మాత్రం, వంగనీ, మనం బస్తాల కింద వంగుతున్నాం, అది పలక మీద వంగుతోంది అనేవాడు. ఆ మాటకు అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే తల పక్కనున్న గోడకు ఆన్చింది.

వాచ్‌మన్ టీ గ్లాసుతో వచ్చేసరికి ఆమె కునుకు తీస్తున్నట్టుంది. "అక్కా" అన్నాడు. మెల్లగా భుజం తట్టాడు. గ్లాసు కింద పెట్టి మోకాళ్ల మీద కూర్చుని మొహంలోకి చూశాడు. అరవబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. పక్కన హాలు నిండా పిల్లలు.

మేడమ్‌ను సైగ చేసి పిలిచాడు. ఆవిడ వచ్చి, చూసి, మనిషిని పంపి డిస్పెన్సరీ డాక్టరును కాలినడకన రప్పించింది. ఆయన మణికట్టు పట్టుకున్నాడు, కనురెప్పలు ఎత్తి చూశాడు, తల అడ్డంగా ఊపాడు.

"ఈవిడ కూతురు పైనుంది కదా" అంది మేడమ్ గుసగుసగా. "చెప్పాలి కదా."

"చెప్పొద్దందండి. గంట కొట్టేదాకా."

"అలా ఎలా కుదురుతుంది? తల్లయ్యా. రేపు ఆ పిల్ల మన మొహాన ఉమ్మేస్తే?"

"ఉమ్మితే తుడుచుకుంటానండి. మధ్యలో బయటికొస్తే మళ్లీ లోపలికి రానిస్తారా?"

"రానివ్వరు. కానీ ఇలాంటి వాటికి రూలుంది. ధ్రువపత్రం పెడితే పరిశీలిస్తారు."

"పోయినసారి కూడా పరిశీలించారండి" అన్నాడు వాచ్‌మన్.

మేడమ్ పై కిటికీల వైపు చూసింది. ఒక కుర్చీ తెప్పించింది. తర్వాత తనే ముందుకొచ్చి ఆమెను ఒక పక్క పట్టుకుంది. కుర్చీలో కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, వెనక వరండా మీదుగా, స్టోరు గది పక్కనున్న చిన్న గేటు నుంచి ఆమెను తీసుకెళ్లారు. ఎక్కడా కాలి చప్పుడు కాకుండా, చెప్పులు విప్పి నడిచారు. హాల్లో ఎవరో అదనపు కాగితం కావాలని చెయ్యెత్తారు. ఇచ్చారు.

ఆఖరి గంట కొట్టడానికి వాచ్‌మన్‌కు చెయ్యి రాలేదు. సమయం దాటిందని లోపలి నుంచి ఎవరో కేకేశాక కొట్టాడు. అతను అలవాటుగా కొట్టే దెబ్బల కంటే ఎక్కువే కొట్టాడు.

పిల్లలు మెట్ల మీద నుంచి కట్ట తెగినట్టు దిగారు. వాళ్ల మధ్యలోంచి ఆమె కూతురు మోచేతులతో దారి చేసుకుంటూ వచ్చింది. వేళ్ల నిండా సిరా.

"మావయ్యా, అమ్మేది?"

అతను గంట కొట్టే సుత్తి ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాడు.

"అన్నీ రాశావా?"

"అన్నీ రాశా. చివరిది కొంచెం తడబడ్డా గానీ, పాసయిపోతా. అమ్మేది? అమ్మకి చెప్పాలి."

"కాగితం ఇచ్చేశావా? చేతికి ఇచ్చి వచ్చావా?"

"ఇచ్చేశా మావయ్యా. ఏంటలా చూస్తున్నావు?"

అతను సుత్తి కింద పెట్టి ఆ పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. "పద" అన్నాడు. వెనక వరండా వైపు నడిపించాడు. రెండడుగులు వేశాక ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు.

వరండా ఖాళీ అయింది. కిటికీ గడియకు వేలాడుతున్న కార్డు, గాలి వచ్చినప్పుడల్లా ఒకసారి ఆమె ఫొటో ఉన్న వైపూ, ఒకసారి ఏమీ రాయని తెల్ల వైపూ తిరుగుతూ ఉంది.